నేను కొలవని ఇసుక

కిందటి శ్రావణంలో గుడివాడలో ఒక కాలేజీవాళ్లు నన్ను మాట్లాడమని పిలిచారు. ఎడారిలో ఇసుక దిబ్బల మీద ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినావిడ అని పరిచయం చేశారు. తెర మీద ఫొటోలు వేసి గంటసేపు చెప్పాను. ఆఖర్న వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "అదంతా సరేనండి మేడమ్. పొద్దున లేచి మీరక్కడ ఏం చేసేవారు?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి, గాలిని కొలిచేదాన్ని, ఇసుకని కొలిచేదాన్ని అని ఏదో చెప్పి తప్పించుకున్నాను.

బందరు బస్సెక్కాక ఆ జవాబు నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. పెడన వచ్చేలోగా రెండు సీట్లు మారాను. రిటైరై నాలుగేళ్లయినా నాకీ జబ్బు పోలేదు. చెల్లెలు పద్మ గుడివాడలో వాళ్లింట్లోనే ఉండమంది. నెల రోజులుండి వచ్చేశాను. నేను గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే తనకి కళ్లు తిరుగుతున్నాయట. బందరులో మేడ మీద రెండు గదులు తీసుకున్నాను. ఏమీ తోచకపోతే గిలకలదిండి దాకా నడిచి, పడవలు చూసి, మళ్లీ నడిచి వస్తాను.

ఆ అమ్మాయికి అప్పుడు చెప్పవలసిన జవాబు ఇది. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకి కూడా.

బోర్లా పడుకోవడం

మా నాన్న పెడనలో మగ్గం నేసేవాడు. నాకు రాజస్థాన్‌లో, ఎడారి మీద పరిశోధన చేసే సంస్థలో ఉద్యోగం వచ్చిందంటే ఆయన వెళ్లమన్నాడు. అమ్మ మాత్రం, "ఇసుకలో చదవడానికేముంటుందే? కావాలంటే సముద్రం ఒడ్డున బోలెడుంది, పోయి చూసుకోకూడదూ?" అంది.

మా పై అధికారి పురోహిత్ గారు. మొదటి రోజే జీపులో తీసుకెళ్లి, తాటిచెట్టుకి మూడింతల ఎత్తున్న దిబ్బ కింద దింపి, "బోర్లా పడుకో" అన్నారు. కొత్త చీర కట్టుకుని వెళ్లాను. ఎందుకని అడిగాను.

"నిలబడితే నీకు దిబ్బ కనపడుతుంది. పడుకుంటే ఇసుక కనపడుతుంది. జీతం రెండోదానికి."

పడుకున్నాను. గాలి ఒక మోస్తరుగా వీస్తోంది. గడ్డం నేలకి ఆనించి చూస్తే, ఇసుక ఎగరడం లేదు, గెంతుతోంది. ఒక్కొక్క రేణువు లేచి, జానెడో బారెడో ముందుకెళ్లి పడి, పడిన చోట మరో రెండు మూడింటిని తన్ని లేపుతోంది. అవి ఇంకొన్నింటిని లేపుతున్నాయి. మోకాలెత్తు దాటి పైకి పోయేది చాలా తక్కువ. నిలబడి ఉంటే ఇదంతా నాకు పొగలాగా కనపడేది.

దిబ్బ పుట్టుక అక్కడే మొదలవుతుంది. గెంతుకుంటూ పోయే ఇసుకకి ఒక పొదో రాయో అడ్డొస్తే దాని వెనక గాలి మందగించి, ఇసుక కింద పడుతుంది. పడిన ఇసుకే తర్వాత వచ్చే ఇసుకకి అడ్డు. అలా కుప్ప పెరుగుతుంది. గాలి వచ్చే వైపు నుంచి ఇసుక మెల్లగా పైకెక్కి, శిఖరం దాటి అవతలివైపు జారుతుంది. అందుకే గాలివైపు ఎక్కడం తేలిక, అవతలివైపు ఏటవాలుగా ఉండి కాలు పెడితే జారిపోతుంది. ఎక్కిన ఇసుక జారుతూ ఉంటే దిబ్బ మొత్తం జరుగుతుంది. ఎడారిలో దిబ్బలన్నీ ఒక్కలా ఉండవు. గాలి ఒకే దిక్కు నుంచి వీచి, ఇసుక తక్కువుంటే నెలవంకలా ఏర్పడతాయి. నాలుగు దిక్కుల గాలులూ కలిసే చోట నక్షత్రంలా చేతులు చాచుకుని పైకి పెరుగుతాయి. మేము పనిచేసిన చోట పొదలుండేవి. దిబ్బ రెండు చేతుల్నీ ఆ పొదలు పట్టుకుంటే నడుము మాత్రం ముందుకి సాగి, జడపిన్నులాంటి ఆకారం వచ్చేది.

ఇదంతా పుస్తకంలో దొరుకుతుంది. పడుకుని చూడడం మాత్రం పురోహిత్ గారి దగ్గరే నేర్చుకున్నాను. ఆయన గొప్ప గురువు. ఇంకోటి కూడా చెప్తాను, కానీ తర్వాత.

కేసర్ తొట్టి

ఒక పల్లెలో నేను రెండేళ్లు పనిచేశాను. ఊరి పేరు రాయను. ఊరికి నైరుతిగా పెద్ద దిబ్బ ఉండేది. అక్కడ వేసవి గాలి నైరుతి నుంచే వస్తుంది, కాబట్టి దిబ్బ చూపు ఊరి మీదే. అది ఎంత వేగంగా జరుగుతోందో తేల్చడం నా పని. దిబ్బ పాదం చుట్టూ ఇనప కడ్డీలు పాతి, మూడు నెలలకోసారి వెళ్లి, కడ్డీ నుంచి ఇసుక అంచు దాకా టేపుతో కొలిచి రాసుకునేదాన్ని.

రెండేళ్లలో ఆ అంచు నాలుగు జానలు కూడా కదల్లేదు. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. పెద్ద దిబ్బ ఒక అడుగు జరగాలంటే ఎంత ఇసుక శిఖరం దాటి పడాలో ఊహించుకోండి. పెద్దవి నిదానం, చిన్నవి చురుకు. ఇది మాకు మొదట నేర్పిన పాఠం.

ఆ ఊళ్లో కేసర్ అని ఒకావిడ ఉండేది. నాకంటే పదేళ్లు పెద్ద. వాననీళ్లు పట్టుకోవడానికి అక్కడివాళ్లు నేలలో గుండ్రంగా, బావిలా తొట్టి తవ్వి, లోపల సున్నంతో గచ్చు చేసి, పైన మూత కడతారు. ఒక వానాకాలం నీళ్లు జాగ్రత్తగా వాడుకుంటే ఇంటిల్లిపాదికీ ఏడాదిలో చాలా భాగం గడిచిపోతుంది. అది లేకపోతే ఆడవాళ్లు కుండలెత్తుకుని మైళ్లు నడవాలి. కేసర్, ఆమె భర్త కొత్త తొట్టి తవ్వుకోవాలనుకున్నారు. దిబ్బకీ ఊరికీ మధ్య కాస్త పల్లంగా ఉన్న చోటు చూసుకున్నారు. వాన నీరు పారి అక్కడికే వస్తుంది.

నేను కడ్డీల దగ్గర టేపు చుడుతుంటే కేసర్ వచ్చి నిలబడింది.

"చెల్లీ, ఇక్కడ తవ్వుకోమంటావా? దిబ్బ దగ్గరగా ఉంది కదా."

"తవ్వుకోండి. ఈ దిబ్బ మీ మనవలు పెద్దవాళ్లయ్యేదాకా ఇక్కడికి రాదు."

ఆవిడ దిబ్బ పైకి చూసింది, నా వంక చూసింది. ఇంకేదో అనబోయి ఊరుకుంది. నేను అడగలేదు. జీపు డ్రైవరు హారను కొడుతున్నాడు, నాకు తొందర.

వాళ్లు తవ్వుకున్నారు. ఆ వేసవిలో గాలిదుమ్ములు మామూలుకంటే ఎక్కువ రోజులు వీచాయి. మళ్లీ నేను వెళ్లేసరికి తొట్టి ఉన్న చోట ఇసుక మెత్తగా, అందంగా, అలలు తేలి ఉంది. మూత కట్టు ఎక్కడుందో కూడా తెలియలేదు. కడ్డీల దగ్గరికి పరిగెత్తాను. పెద్ద దిబ్బ పాదం కదల్లేదు. నా కొలత తప్పు కాదు.

కేసర్ కుండ నెత్తిన పెట్టుకుని దూరం నుంచి వస్తోంది. ఎండకి మొహం నల్లబడిపోయింది. కుండ దించి, నా ఎదురుగా నిలబడి, గొంతు పెంచకుండానే చెప్పింది.

"నువ్వు పెద్దదాన్ని కొలిచావు. నా తొట్టి మీద పడింది అది కాదు. దాని వీపు మీద చిన్నవి తిరుగుతుంటాయి, వేసవిలో దిగి వస్తాయి. ఆ రోజు చెబుదామనుకున్నాను. చదువుకున్నదానివి, నీకు తెలిసే ఉంటుందనుకున్నాను."

చిన్నవి చురుకు అని నాకు తెలుసు. పెద్ద దిబ్బ వీపు మీద చిన్న దిబ్బలు ప్రయాణం చేస్తాయనీ తెలుసు. పరీక్షలో రాశాను కూడా. కానీ ఆ రెండేళ్లలో పైకెక్కి కడ్డీలు పాతలేదు. ఎండలో శిఖరం ఎక్కాలంటే ఒళ్లు హూనం అవుతుంది. పాదం దగ్గరైతే జీపు పక్కనే పని అయిపోతుంది. అసలు కారణం అదే. దానికి శాస్త్రం పేరు పెట్టి ఇన్నాళ్లూ కప్పిపుచ్చుకున్నాను కాబట్టి ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

సెలవు పెట్టి ఆ ఊళ్లోనే పది రోజులున్నాను. కేసర్, ఆమె భర్త, ఇంకో నాలుగిళ్లవాళ్లూ, నేనూ ఇసుక ఎత్తిపోశాం. పగలు ఎత్తిపోసినదాంట్లో కొంత సాయంత్రం గాలికి మళ్లీ వచ్చి పడేది. చేతులు బొబ్బలెక్కాయి. ఆరో రోజున మూత కనపడింది, ఎనిమిదో రోజున లోపలి గచ్చు కనపడింది. నిలువునా చీలిపోయి ఉంది. కేసర్ ఆ చీలికని చేత్తో తడిమి, పలుగు పక్కన పెట్టి, "ఇంక చాలు" అంది. అయినా నేను రెండు రోజులు తవ్వుతూనే ఉన్నాను. ఎందుకో నాకే తెలియదు. వెళ్లబోయే ముందు ఆవిడ రొట్టె, మజ్జిగ పెట్టింది. తినలేకపోయాను.

ఎర్ర దీపం గది

జరిగిందంతా నివేదికలో ఒక పేరాగా రాశాను. నేను ఎక్కడ కొలవలేదో, నా మాట విని ఎవరికి నష్టం జరిగిందో రాశాను. పురోహిత్ గారు చదివి, ఆ పేరాకి నిలువుగా గీత కొట్టారు.

"ఇది ఉంటే వచ్చే ఏడాది ఏ ఊరివాళ్లూ మనల్ని రానివ్వరు."

"సార్, లేకపోతే ఇంకో ఊళ్లో ఇంకొకరు ఇదే చెప్తారు."

"నీ కొలత తప్పు కాదుగా. మరి ఏమని రాస్తావు?"

"కొలిచిన చోటు తప్పు సార్."

ఆయన కాగితాలు నా వైపు తోశారు. నేను పేరా మళ్లీ టైపు చేయించి పై ఆఫీసుకి పంపేశాను. నెల తిరక్కుండా నన్ను ఫీల్డు నుంచి తీసేసి లాబొరేటరీలో వేశారు. ఆయన గొప్ప గురువని ఇందాక అన్నాను. పిరికివాడు కూడా. రెండూ నిజమే. మీకూ ఇలాంటివాళ్లు తగులుతారు. వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది నేర్చుకోండి, వాళ్లు కొట్టేసినది మళ్లీ రాయండి. దానికి శిక్ష ఉంటుంది. ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి.

శిక్షగా వేసిన ఆ గదిలోనే నేను దిబ్బ లోపలేముందో నేర్చుకున్నాను. ఇసుక రేణువు ఎండలో ఉన్నంతసేపూ ఖాళీగా ఉంటుంది. పైన ఇంకో ఇసుక పడి చీకట్లో పూడుకుపోతే, చుట్టూ ఉన్న మట్టిలోంచి వచ్చే సన్నటి రేడియోధార్మిక శక్తిని కొద్దికొద్దిగా దాచుకుంటుంది. ఎంత దాచుకుందో కొలిస్తే అది చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. అందుకని దిబ్బని నిలువుగా తవ్వి, ఇనప గొట్టం దిగ్గొట్టి, రెండు చివర్లూ నల్లగుడ్డతో మూసి తెస్తారు. ఆ గొట్టం తెరిచే గదిలో మసక ఎర్ర దీపం తప్ప వెలుతురుండదు. గొట్టం చివర సందు ఉండిపోయి వెలుతురు తగిలితే, వేల ఏళ్ల ఇసుక నిన్న పడినట్టు లెక్క చూపిస్తుంది. ఒక్కసారి నాకలా అయింది. మళ్లీ తెచ్చుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

పెద్ద దిబ్బ గర్భంలో ఇసుక వేల ఏళ్ల నాటిది. వానలు తగ్గి గాలులు పెరిగిన కాలంలో దిబ్బ పెరుగుతుంది. వానలు తిరిగొస్తే గడ్డి మొలిచి నిద్రపోతుంది. మళ్లీ లేస్తుంది. పైపైన కదిలే పొర మాత్రం ఈ వేసవిది. దిబ్బంటే ఒకే వయసున్న వస్తువు కాదని ఆ గదిలో తెలిసింది. కేసర్‌కి అది చూసి తెలుసు. నాకు యంత్రం చెబితే తెలిసింది.

ఆ గదిలో గడిపిన రెండేళ్లూ నాకు నరకం. గదిలో నడవడానికి చోటు లేదు. కిటికీ లేదు. తిరిగి ఫీల్డులోకి పంపాక, పనిచేసిన ప్రతి దిబ్బ మీదా పాదంలో, నడుములో, శిఖరంలో మూడు చోట్లా కడ్డీలు పాతాను. ఎక్కడికి వెళ్లినా మొదటి రోజు టేపు బయటికి తీయలేదు. ఊళ్లో కూర్చుని ఆడవాళ్లని అడిగాను. తర్వాత ఉపగ్రహ చిత్రాలు వచ్చాయి. ఇప్పుడు మీరు కూర్చున్న చోటు నుంచే దిబ్బ ఏడాదికెంత జరిగిందో చూడగలరు. చూడండి, చాలా మంచి పని. కానీ చిత్రంలో పాదం, శిఖరం కనపడినట్టు తొట్టి కనపడదు.

కోడూరు దిబ్బ

రిటైరయ్యాక ఇసుక జోలికి పోకూడదనుకున్నాను. గుడివాడ కాలేజీలో మాట్లాడిన నెలకి ఒకావిడ నా మేడ మెట్లెక్కి వచ్చింది. పేరు నాగేశ్వరమ్మ. కోడూరు అవతల సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పల్లె వాళ్లది. మేనకోడలు ఆ కాలేజీలో చదువుతోందట. చేతిసంచి పక్కన పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఇసుక మేడమ్ గారంటే మీరేనాండీ?"

"లోపలికి రండి. ఏంటి సంగతి?"

"మా ఊరెనక ఇసక దిబ్బుందండి. రొయ్యల చెరువుల గట్లకని ట్రాక్టర్లెట్టి తోలుకెళ్తన్నారు. సగం అయిపోయింది. అది పోతే తుఫానొచ్చినప్పుడు మాకు ఆసరా లేదు. ఆఫీసులో చెప్తే కాయితం తెమ్మంటన్నారు. తెలిసినోళ్లు రాసిన కాయితం."

ఇది సముద్రపు దిబ్బ, ఎడారిది కాదు. దీని ఇసుక కృష్ణ మోసుకొచ్చింది, అలలు ఒడ్డుకి వేసినది. గాలి చేసే పని మాత్రం ఒకటే. నాకు తెలిసిందెంత, తెలియనిదెంత అని తేల్చుకోలేక మూడు రోజులు తిరిగాను. నాలుగో రోజు అవనిగడ్డ బస్సెక్కి, అక్కడి నుంచి కోడూరు, ఆ తర్వాత ఆటోలో వెళ్లాను.

నెల రోజులు వారానికి రెండుసార్లు వెళ్లాను. ఆ ఊరి ఆడవాళ్లని కూర్చోబెట్టి, పోయిన తుఫాన్లకి నీళ్లు ఎటు నుంచి ఎక్కడిదాకా వచ్చాయో అడిగాను. ఇద్దరు ముసలమ్మలు నన్ను పొలం గట్ల మీద నడిపించి చోట్లు చూపించారు. దిబ్బ ఎత్తు కొలిచాను. దాని మీద పాకే ఊదాపూల తీగ, ముళ్లగడ్డి ఇసుకని ఎలా పట్టుకున్నాయో, ట్రాక్టరు తిరిగిన చోట అవి ఎలా ఎండిపోయాయో రాసుకున్నాను. టేపు రెండో చివర నాగేశ్వరమ్మ పట్టుకునేది.

అవనిగడ్డ రెవెన్యూ ఆఫీసులో మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టారు. చెరువుల యజమాని వచ్చాడు, మర్యాదస్తుడే. తనకి అనుమతి ఉందని కాగితం చూపించాడు. అధికారి నన్నడిగారు.

"మేడమ్ గారూ, ఆ దిబ్బ ఉంటే ఉప్పెనని ఆపుతుందా? ఆపుతుందని రాసివ్వండి, ఇవాళే నిలిపేయిస్తాను."

నాగేశ్వరమ్మ నా మొహంలోకి చూస్తోంది. గది నిండా వాళ్ల ఊరివాళ్లు ఉన్నారు.

"పెద్ద ఉప్పెనని ఆపుతుందని రాయలేనండి. మామూలు తుఫాను నీళ్లని ఇన్నాళ్లూ ఆపిందని ఊళ్లో ఆనవాళ్లున్నాయి. తీసేస్తే ఆ ఆసరా కూడా పోతుంది. అంతవరకు రాస్తాను."

బయటికొచ్చాక నాగేశ్వరమ్మ నా ముందు గబగబా నడిచింది. బస్టాండు దగ్గర ఇక ఆగలేక అనేసింది. "ఆపుద్దని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయేదండీ? మా కోసం ఒక్క ముక్క."

"ఆపుతుందని నేను రాస్తే, పెద్దదొచ్చిన రోజున మీరు దాన్ని నమ్ముకుని ఇళ్లల్లో ఉండిపోతారు నాగేశ్వరమ్మ గారూ. ఇంతకుముందు నా మాట నమ్మి ఒకావిడ నష్టపోయింది."

ఆవిడ బస్సెక్కి వెళ్లిపోయింది. నేను పట్టుబట్టింది నిజం కోసమా, నా పాత భయం కోసమా అని నాకే తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

పదిహేను రోజులకి ఉత్తర్వు వచ్చింది. మిగిలిన సగం దిబ్బ ముట్టుకోకూడదన్నారు. తవ్వేసిన సగం గురించి ఒక్క మాట లేదు. అక్కడ ట్రాక్టర్లు తిరిగిన వెడల్పున గండి పడి ఉంది. నేను కబురు పెట్టకుండానే వెళ్లాను. నాగేశ్వరమ్మ పలకరించలేదు గానీ పొమ్మనలేదు. సరుగుడు కర్రలు పాతి, తాటాకులతో గాలికి అడ్డంగా దడి కడితే ఇసుక దాని వెనక ఆగుతుందని చెప్పాను. ఎడారిలో ముళ్లకంపతో చేసేవాళ్లం. ఆడవాళ్లంతా కలిసి రెండు వరసలు కట్టారు. గాలుల కాలం సగం గడిచేసరికి దడి వెనక మోకాలెత్తు ఇసుక చేరింది. ఆ వేళ నాగేశ్వరమ్మ నాకు టీ తెచ్చిచ్చింది.

తర్వాత తుఫాను వచ్చింది. పెద్దది కాదు. ఊరంతా ముందే బడిలోకి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే ఫోనొచ్చింది.

"మేడమ్ గారూ, గండిలోంచి నీళ్లొచ్చినయ్యండి. మోకాలెత్తు ఇసక నిలబళ్లేదు. వలల పాక, రెండు వంటపాకలు పోయినయ్యి. దిబ్బున్న వైపు చుక్క రాలేదు. మనుషులం బానే ఉన్నాం. వచ్చి రాయండి."

మొదటి బస్సుకే వెళ్లాను. నీళ్లు తగ్గి, ఇళ్ల గోడల మీద తడి గీత మిగిలింది. ఆవిడ ముందు నడుస్తుంటే, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఇంటింటికీ కొలిచాం. తిరగేసిన పడవ మీద కూర్చుని అధికారికి రాయడం మొదలుపెట్టాను. సగమయ్యాక నాగేశ్వరమ్మ చదివి వినిపించమంది.

"గండి పడిన వైపున బహుశా దిబ్బ లేకపోవడం వల్లనే నీరు ఊళ్లోకి ప్రవేశించింది," అని చదివాను.

"ఆ బహుశా ఏంటండీ? వంటపాకలు బహుశా పోయినయ్యా?"

ముప్పై ఏళ్లుగా నేను రాసిన ప్రతి కాగితంలోనూ ఎక్కడో ఒకచోట ఆ మాట ఉంది. గోడ మీద గీత వైపు మరోసారి చూశాను. కలం తీసి, ఆ మాట కొట్టేసి, మిగతాది చదివాను.